వడ్డీ పడని రాత

తిరుపతి,
2025 జులై 13

అమ్మణ్ణీ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి మీ నాన్న ఆరోగ్యం కోసం, రెండోసారి తోట సంగతి కోసం, మూడోసారి చివర్లో నువ్వు వేసిన ఆ లెక్క కోసం. ఉగాది నాడు రోజుకు 500 పదాలు రాస్తానని ఒట్టు పెట్టుకున్నావు. మే 10 దాకా నిలబెట్టుకున్నావు. 11న నాన్న తోటలో చెట్టు మీది నుంచి పడ్డారు. ఆ రోజు నుంచి నాకు ఉత్తరం రాసిన రోజు దాకా 62 రోజులు. “మొత్తం 31,000 పదాలు బాకీ ఉన్నాను మేడమ్, ఎప్పటికి తీరుస్తానో తెలియదు” అన్నావు. తోట మీద బ్యాంకులో ఉన్న అప్పెంతో ఎక్కడా చెప్పలేదు కానీ, ఈ బాకీని మాత్రం చివరి పదం దాకా లెక్కగట్టావు.

ఫోను చేయవచ్చు. చేస్తే నువ్వు “సరే మేడమ్” అని పెట్టేస్తావు. వార్డులో పక్క మంచాల మాటల మధ్య సగం వినపడదు కూడా. కాగితమైతే దిండు కింద ఉంటుంది, చదవాలనిపించినప్పుడు తీసుకుంటావు. మా మనవడు స్కూటరు మీద తెచ్చి ఇస్తాడు.

ముందు ఒక మాట. “నీ ఉత్తరమే కథలా ఉంది, ఇదంతా రాసెయ్” అని నేను అనను. నాకు కష్టం వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి, కాఫీ తాగి, సరిగ్గా ఆ మాటే చెప్పి వెళ్ళారు. ఒళ్ళు మండింది. కష్టంలో ఉన్నవాళ్ళు ముందు ఆ కష్టం గడిచే దారి చూసుకోవాలి.

నువ్వు ఉగాది నాడు చేసుకున్నది సంకల్పం అనుకుంటున్నావు. నా లెక్కలో అది మొక్కు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, మొక్కుల సంగతి కాస్త తెలుసు. మొక్కులో ఎప్పుడూ బేరం ఉంటుంది: నువ్వు ఇది ఇస్తే నేను అది ఇస్తాను. నువ్వు రోజుకు 500 పదాలు ఇవ్వాలి, ఏడాది తిరిగేసరికి రాత నీ చేతిలో ఒక నవల పెట్టాలి. ఆ బేరం కుదుర్చుకున్నప్పుడు నాన్న వెన్నెముక ఆపరేషన్ ఎవరి ఊహలోనూ లేదు. పైగా మన కొండ మీది ఆయన వడ్డికాసులవాడు. మొక్కు ఆలస్యమైతే వడ్డీతో సహా రాబట్టుకుంటాడని వింటూనే పెరిగాం కదా.

నా తొలి కథ వారపత్రికలో పడితే మూడు కత్తెరలు ఇస్తానని 1979లో మొక్కుకున్నాను. కథ పడింది. పడ్డాక జుట్టు మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. రేపు, మాపు అంటూ రెండేళ్ళు గడిపాను. ఆ రెండేళ్ళలో పంపిన కథలన్నీ తిరిగొచ్చాయి. బాగాలేకనే తిరిగొచ్చాయి, ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తూనే ఉంది. మా అమ్మ మాత్రం “వడ్డీ కట్టించుకుంటున్నాడే” అంది. నేనూ నమ్మాను. కొండెక్కి మూడు కత్తెరలు ఇచ్చి వచ్చాను. (ఆ తరువాత పంపిన కథ కూడా తిరిగొచ్చింది.)

ఆ వడ్డీ భయం రాత మీదికి పాకిందంటే ఇక కష్టమే. ఒక రోజు తప్పితే 500 బాకీ. రెండో రోజుకు వెయ్యి. వారానికి నోటుపుస్తకం తెరవాలంటేనే గుండె దడ. అప్పిచ్చినవాడి ఇంటి ముందు నడవలేక వీధి మార్చుకునే మనిషిలాగా, రాసుకునే బల్ల ఉన్న గదిలోకి పోవడమే మానేస్తాం. ఎప్పుడో సిగ్గుపడి కూర్చుని రాసినా అది బాకీ తీర్చడానికి రాసిన రాత. మొక్కుబడి అనే మాట ఊరికే పుట్టలేదు.

సంకల్పం సంగతి వేరు. మీ ఇంట్లో ఎప్పుడో ఒకసారి సత్యనారాయణ వ్రతం చేసే ఉంటారు. పురోహితుడు గబగబా చదువుకుపోయే మొదటి భాగం విన్నావా? చోటు చెప్పేటప్పుడు జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే అని పెద్ద భూమి దగ్గర మొదలుపెడతాడు. మేరువుకు ఏ దిక్కు, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల నడుమ అని దగ్గరికి దగ్గరికి వచ్చి నువ్వు కూర్చున్న పీట దాకా దిగుతాడు. తరువాత కాలం: ఏ సంవత్సరం, ఏ ఋతువు, ఏ మాసం, ఏ తిథి. ఆ తరువాత గోత్రం, పేరు. చిన్నప్పుడు నా పేరు ఎప్పుడు వస్తుందా అని చెవులు రిక్కించేదాన్ని. కోరికలూ ఉంటాయి, లేకేం. ఆయుష్షు, ఆరోగ్యం, ఐశ్వర్యం అన్నీ అడుగుతాం. కానీ వాక్యం వచ్చి ఆగేది “కరిష్యే” దగ్గర. చేస్తాను, అంతే. ఎంత గొప్పగా చేస్తానో, ఎన్నాళ్ళలో ముగిస్తానో అందులో లేదు. పైగా అది ఆ పూట పూజకే చెల్లుతుంది. రేపటి పూజకు రేపటి తిథితో మళ్ళీ చెప్పుకోవాలి. నేను పెద్ద భక్తురాలిని కానని నీకు తెలుసు. ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పిన పాపానికి వాక్యాన్ని చూసి మాట్లాడుతున్నాను.

ఇదంతా నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. 2021 నవంబరులో తిరుపతి మునిగిన వారం నీకు గుర్తుండే ఉంటుంది. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు. మా వీధి పల్లంలో ఉంది. బీరువా కింది అరలో నలభై ఏళ్ళ నోటుపుస్తకాలు ఉండేవి. ఇంకు పెన్నుతో రాసినవన్నీ నీలి నీళ్ళయ్యాయి. బాల్ పెన్నుతో రాసినవి కొన్ని మిగిలాయి. చవక పెన్నులు వాడమని మా ఆయన ఎప్పుడూ పోరేవారు, ఇంకు పెన్ను మీద నాకు మహా గర్వం. ఆయన ఆ ఏడాది మే నెలలోనే పోయారు. అప్పటి నుంచి ఒక్క వాక్యం రాయలేదు. రాయకపోవడం మీద దిగులు, ఆ దిగులు మీద వరద. ఆ పెద్దమనిషి వచ్చి కాఫీ తాగింది అప్పుడే.

నీళ్ళు తీసిన మూడో రోజున గ్యాసు బిల్లు వెనకవైపు ఇలా రాసుకున్నాను: “తిరుపతి. మా ఇంటి నడవ. ప్లాస్టిక్ స్టూలు. ప్లవ నామ సంవత్సరం, కార్తిక మాసం. పొద్దున పాలవాడు వచ్చి వెళ్ళాక. గోడ మీద నీటి గీత ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాస్తాను.” ప్లవ అంటే తెప్ప అని అప్పుడు గుర్తొచ్చి, చాలా రోజుల తరువాత నవ్వాను. బడి స్కేలు పెట్టి కొలిచాను. 2 అడుగుల 4 అంగుళాలు. ఆ రోజుకు రాత అంతే. మర్నాడు గీత కింద సున్నం ఏ రంగుకు తిరిగిందో రాశాను. అలా మొదలుపెట్టిన నాలుగో రోజు ఏమీ రాయలేదు. అయిదో రోజు కూర్చున్నప్పుడు నాలుగో రోజు సంగతి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. పదకొండో రోజున, గీతకు పైన మేకుకు వేలాడుతున్న ఆయన చొక్కా గురించి రాశాను. అది తడవలేదు. మే నెల నుంచి ఆ చొక్కా వైపు నేను చూడనే లేదని రాస్తున్నప్పుడే తెలిసింది.

ఇంకో సంగతి. మైల వస్తే ఇంట్లో దీపం పెట్టరు. ఆసుపత్రిలో మనిషి ఉన్న ఇంటికి ఈ మాట రాస్తున్నానని మా అమ్మ ఉంటే నోరు మూయించేది, కాబట్టి పురిటి మైల అనుకో. పది రోజులు పూజ గది తలుపు తెరవరు. పదకొండో రోజు ఇల్లు కడిగి, తలంట్లు పోసుకుని, ఒక్క దీపం పెడతారు. ఆగిపోయిన పది దీపాలను వరసగా వెలిగించే ఇల్లు నేను ఎక్కడా చూడలేదు. అంత నిష్ఠగల పెద్దవాళ్ళు కూడా సెలవును నియమంలోనే కలిపి పెట్టుకున్నారు. నీ 31,000 పదాలను ఆ పది దీపాల పక్కన పెట్టి చూసుకో.

నువ్వు అన్నమయ్య పేరు ఎత్తావు. ఆయన రోజూ రాశాడు కదా, నేను రాయలేనా అని. సరే, లెక్క నేనూ వేస్తాను. ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మొదట్లో ఉన్న దాని ప్రకారం పదహారో ఏట, అంటే 1424లో, మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా పాడాడు. 79 ఏళ్ళు. 32 వేల సంకీర్తనలు అంటారు. రోజుకు ఒకటి కంటే కాస్త ఎక్కువే పడుతుంది. వింటే కళ్ళు తిరుగుతాయి. కానీ ఈ రోజు మనకు దొరికినవి అందులో సగం కూడా లేవు. రేకులన్నీ కొండ మీది ఒక గదిలో శతాబ్దాలపాటు పాడేవాళ్ళు లేకుండా పడి ఉన్నాయి. సగానికి పైగా పోయినా ఆయన అన్నమయ్యే. ఆ రేకుల మొదటి వాక్యం దొరికితే చదువు. శక సంవత్సరం, క్రోధి, దుందుభి, మాసం, తిథి అన్నీ చెప్పి, ఎవరు ఎవరికి విన్నపం చేశారో చెబుతుంది. నాకైతే అది సంకల్పంలాగే వినిపిస్తుంది. ఎన్ని రాశాడన్న అంకె మాత్రం ఆ వాక్యంలో లేదు.

తరిగొండ వెంగమాంబ గురించి కూడా అడిగావు. తిరుమలలో పోరు పడలేక అడవిలోని తుంబురు కోనకు వెళ్ళి అక్కడ కూర్చుని రాసుకుందని చెబుతారు. (కొండ మీది అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. ఇప్పుడు ఆ పేరు అక్కడ అన్నం తినేవాళ్ళకు తెలిసినంతగా పద్యం చదివేవాళ్ళకు తెలియదు, అది వేరే బాధ.) నీకు కోన లేదు, ఆసుపత్రి వరండా ఉంది. అందరికీ కోనలు దొరకవు. మీ ఊరికి బస్సు దూరంలోనే, దామలచెరువులో, మధురాంతకం రాజారాం గారు బడిపంతులుగా ఉంటూనే వందల కథలు రాశారు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. నేను పాకాల వైపు బడికి వెళ్ళే రోజుల్లో బస్సు దామలచెరువులో ఆగినప్పుడల్లా కిటికీలో నుంచి చూసేదాన్ని. మామిడికాయల మండీలు, బండ్లు, ఈగలు. కోన లాంటిది ఏదీ కనిపించలేదు.

కాబట్టి ఆ 500 చెరిపెయ్. నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి చోటు రాయి, వేళ రాయి: రెండో అంతస్తు, మెట్ల పక్క బల్ల, రాత్రి నాన్నకు మాత్ర వేశాక. తరువాత ఆ పూట చేసే పని ఒక్కటే రాయి. అది చెయ్యి చేసే పని అయి ఉండాలి. “మంచి కథ రాస్తాను” అంటే చేతికి ఏం చేయాలో తెలియదు. “పక్క మంచం అవ్వ నిద్రలో అన్న మాట రాస్తాను” అంటే తెలుస్తుంది. ఎంత చెడ్డ రోజునైనా పట్టేటంత చిన్నదిగా ఉండాలి. నా చెడ్డ రోజులకు నేను పెట్టుకున్నది తారీకు వేసి, ఆ రోజు విన్న ఒక్క మాట రాయడం. తారీకు వేసి నిద్రపోయిన రోజులూ ఉన్నాయి. అవీ లెక్కలోకే వస్తాయి.

నాన్న నొప్పి గురించి ఇప్పుడే కథ రాయకు. ఇది సలహా కంటే కాస్త గట్టి మాట అనుకో. మీ తోట తోతాపురి మామిడిని కోసిన రోజే గుజ్జు తీస్తారా? మాగవేస్తారు. అయితే వివరాలు మాత్రం ఈ రోజే రాసి పెట్టుకో, అవి మాగేదాకా ఆగవు, ఎగిరిపోతాయి. ఈ ఏడు తోతాపురి కిలోకు 12 రూపాయలు, అందులో గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇస్తాయని ప్రకటన వచ్చింది. గేటు ముందు మూడు రాత్రులు ట్రాక్టరు మీద పడుకున్న మీ తమ్ముడికి కిటికీ దగ్గర చెప్పిన ధర ఎంత? తరుగు ఎంత తీశారు? టోకెను ఏ రంగు? అడుగున ఉన్న కాయ నుంచి రసం కారడం ఎన్నో రోజున మొదలైంది? తమ్ముడిని అడిగి రాసుకో. అయిదేళ్ళ తరువాత ధర ఎవరికీ గుర్తుండదు, టోకెను రంగు అసలే ఉండదు. ఎప్పుడో నువ్వు ఆ కథ రాయడానికి కూర్చున్నప్పుడు కోపం నీ దగ్గర తప్పకుండా మిగిలే ఉంటుంది, వివరమే మిగలదు.

పత్రికకు పంపిన కథ తిరిగొచ్చిందని ఒక ముక్క రాశావు. దాని గురించి తరువాత మాట్లాడుకుందాం. అది చిన్న విషయం.

నాన్నకు షుగరు ఉందన్నావు కదా, చూడడానికి వచ్చేవాళ్ళు తెచ్చే మామిడిపండ్లు నర్సులకు ఇచ్చెయ్. బుధవారం పొద్దున ఎనిమిదికి నేను వస్తాను. ఇడ్లీలు, పల్లీల చట్నీ తెస్తాను. నాన్న దగ్గర పదకొండు దాకా నేను కూర్చుంటాను. నాకూ ఆయనకూ మాట్లాడుకోవడానికి వానల సంగతి ఉంది, పాల ధర ఉంది. నువ్వు కిందికి వెళ్ళు. చెట్టు కింద బల్ల ఉందని మనవడు చెప్పాడు. రాశావా, నిద్రపోయావా అని నేను అడగను.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ