గార్టర్ పాముకు ఏ చేప మంచిది?

ప్రశ్న: మా అబ్బాయి పెంచుకునే గార్టర్ పాముకు ఏడాదిగా పెట్ షాపులో చవగ్గా దొరికే చిన్న గోల్డ్‌ఫిష్‌లే వేస్తున్నాం. వారం నుంచి తల వెనక్కి వాల్చి మెలికలు తిరుగుతోంది. వెల్లకిలా పడితే మళ్లీ తిరగలేకపోతోంది. చేపల వల్లేనా? ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరికి ఈరోజే తీసుకెళ్లండి. ఏం మేపుతున్నారో తప్పక చెప్పండి. ఈ లక్షణాలకు వేరే కారణాలూ ఉండొచ్చు కానీ, మీరు పెట్టే మేతను బట్టి ముందుగా అనుమానించాల్సింది బి1 విటమిన్ లోపాన్ని. తొందరగా బి1 ఇంజెక్షన్ పడితే కోలుకునే అవకాశం ఎక్కువ.

గోల్డ్‌ఫిష్‌లోనూ, రోజీ రెడ్ మిన్నో అనే చిన్న చేపలోనూ థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1ను నాశనం చేస్తుంది. ఎప్పుడో ఒకటి తింటే ఫరవాలేదు, అదే రోజువారీ మేతయితే నరాలు దెబ్బతింటాయి. ఫ్రీజర్ ఈ ఎంజైమ్‌ను చంపలేదు. గడ్డకట్టిన చేపలో కూడా అది మెల్లగా పని చేస్తూనే ఉంటుంది. ఫ్రీజర్ ఉపయోగమల్లా పురుగుల విషయంలోనే: చేపను నెల రోజులు గడ్డకట్టించి పెడితే అందులోని పరాన్నజీవుల భయం బాగా తగ్గుతుంది.

సాల్మన్, ట్రౌట్, తిలాపియా, కాడ్ పెట్టొచ్చు. చిన్న పాములకు గప్పీలు మేలు. ఇండియన్ స్టోర్లలో దొరికే శీలావతి, బొచ్చె కూడా గోల్డ్‌ఫిష్‌లాగే కార్ప్ కుటుంబానివే కాబట్టి వాటి జోలికి పోకండి. నెత్తళ్లూ వద్దు. ఉప్పుచేప, మసాలా పట్టించిన ముక్క అసలే వద్దు.

ముక్క వెడల్పు పాము ఒంటి లావును మించకూడదు. పూర్తిగా కరిగి, గది వేడికి వచ్చాక గిన్నెలో పెట్టండి. నేల మీద పెడితే పరిచిన పొట్టు కూడా లోపలికి పోతుంది. ముళ్లు తీసిన ముక్కల్లో కాల్షియం చాలా తక్కువ. అందుకే కాల్షియం పొడి అద్దండి, రెండు మూడు మేతలకొకసారి ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించిన పింకీని (వెంట్రుకలు రాని పసి ఎలుక పిల్లను) ఇవ్వండి. వాసన నచ్చక పాము వదిలేస్తే ఆ ఎలుక పిల్లకు చేప రుద్ది చూడండి. చేపే ప్రధాన మేతయితే బి1 కూడా కలపాలి: 100 మి.గ్రా. మాత్రను 100 మి.లీ. నీళ్లలో కరిగించి, 100 గ్రాముల చేపకు 3 మి.లీ. చొప్పున, పెట్టబోయే ముందు కలపండి. గోల్డ్‌ఫిష్‌కు ఇదే కలిపి కొనసాగిద్దామనుకోకండి, కలిపిన బి1ను కూడా ఆ ఎంజైమ్ తినేస్తుంది.

ప్రశ్న: చేపలకు బదులు వానపాములు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు, నైట్‌క్రాలర్లనే పెద్ద రకం వానపాములయితేనే. కంపోస్టు డబ్బాల్లో పెంచే ఎర్ర వానపాములు వద్దు, వాటి ఒంటి నుంచి వచ్చే ద్రవం పాములకు పడదు. పురుగుమందు కొట్టిన పెరట్లో తవ్వినవీ వద్దు. వానపాముల్లోనూ కాల్షియం తక్కువే, పొడి అద్దే పెట్టండి.