రాయి రంగును నమ్మొద్దు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఊరి దగ్గర బూడిద రంగు కలిసిన తెల్లరాయి దొరికింది. సైజుకు మించిన బరువుంది. పలుగురాయా, కాల్సైటా, ముగ్గురాయా? ఇంట్లోనే తేల్చుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, రైల్వే కోడూరు

జవాబు: తేల్చుకోవచ్చు. మంగంపేట గనులు మీకు దగ్గరే కాబట్టి ముగ్గురాయి, అంటే బెరైటీస్ అయ్యుంటుందని అనుమానించడం సబబే. కానీ చేతికి బరువనిపిస్తే చాలదు, సాంద్రత కొలవాలి. దానికి వంటింటి డిజిటల్ తూకం సరిపోతుంది.

ముందు పొడిరాయిని తూచి రాసుకోండి. గిన్నెలో నీళ్లు పోసి తూకం మీద పెట్టి, అంకె సున్నా చేయండి. రాయికి సన్నని దారం కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. ఇప్పుడు తూకం ఎన్ని గ్రాములు చూపిస్తే రాయి ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. పొడి బరువును ఈ అంకెతో భాగించండి. ఉదాహరణకు 270 గ్రాముల రాయికి 61 వస్తే సాంద్రత 4.4, ముగ్గురాయికి దగ్గర. అదే బరువున్న పలుగురాయికైతే 102 వచ్చేది. శుద్ధమైన బెరైటీస్ సాంద్రత 4.5, పలుగురాయిది 2.65, సున్నపురాయిలో ఉండే ఖనిజం కాల్సైట్‌ది 2.71.

చిన్న ముక్కతో ఈ లెక్క తప్పుతుంది. 20 గ్రాముల ముగ్గురాయికి ఘనపరిమాణం 4.4 రావాలి, గ్రాము కంటే చిన్న తేడా చూపని తూకం 4 గానీ 5 గానీ చూపిస్తుంది. సాంద్రత 5 నుంచి 4 దాకా ఊగిపోతుంది. 150 గ్రాములకు తగ్గని ముక్క తీసుకోండి. రాతికి గాలిబుడగలు అంటుకుంటే సాంద్రత తక్కువగా వస్తుంది. నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, రాయిని పది నిమిషాలు నాననిచ్చాక కొలవండి. అడుగు తగిలితే రాతి బరువు కూడా తూకం మీద పడి అంకె పెరిగిపోతుంది.

పలుగురాయికీ కాల్సైట్‌కీ సాంద్రతలో తేడా స్వల్పం. వాటిని చాకుతో విడదీయాలి. కాఠిన్యం అంటే గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే కొలత. కాల్సైట్ కాఠిన్యం 3, ముగ్గురాయిది 3 నుంచి 3.5. చాకు రెండింటినీ గీస్తుంది. పలుగురాయి కాఠిన్యం 7, గీత పడదు. ఇక్కడే చాలామంది పొరబడతారు: పలుగురాయి మీద చాకు ఇనుమే అరిగి బూడిద గీత పడుతుంది. తడివేలితో రుద్దితే పోయేది రాతి మీది గీత కాదు. చివరగా కొంచెం పొడి గీకి వెనిగర్ చుక్క వేయండి. కాల్సైట్ పొంగుతుంది, ముగ్గురాయి కదలదు. కడప వైపు దొరికే డోలమైట్ అనే కాల్సైట్ లాంటి ఖనిజం వెనిగర్‌కు దాదాపు స్పందించదు కాబట్టి పొంగలేదన్న ఒక్క కారణంతో ముగ్గురాయి అనుకోకండి. డోలమైట్ సాంద్రత 2.85 దగ్గరే ఆగుతుంది. ఈ పరీక్షలన్నీ కొత్తగా పగలగొట్టిన ముఖం మీద చేయాలి. ఎండా వానా తిన్న పైపొర ఏ రాతినైనా దాచేస్తుంది.

ప్రశ్న: నల్లరాతిలో పసుపు మెరుపు కనిపిస్తోంది. బంగారమా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: సూదితో నొక్కి చూడండి. పొరలుగా లేస్తే కాకిబంగారం, అంటే అభ్రకం. సొట్ట పడితే బంగారం కావచ్చు. పొడిగా రాలితే చాల్కోపైరైట్, అంటే రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. సూదికి లొంగకపోతే పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. తర్వాత బాత్‌రూమ్ టైల్ వెనక, మెరుపు పూత లేని వైపు రుద్దండి. పైరైట్, చాల్కోపైరైట్ రెండూ ఆకుపచ్చ ఛాయ ఉన్న నల్లగీత వేస్తాయి. బంగారం గీత పసుపే.

ప్రశ్న: విశాఖ కొండరాతిలోని ఎర్ర గింజలను టైల్ మీద రుద్దితే తెల్లపొడే వస్తోంది. ఇనుప ఖనిజం కాదా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: కాదు. హెమటైట్ అనే ఇనుప ఖనిజం అయితే ముదురెరుపు గీత పడాలి. మీ కొండల్లోని ఖోండలైట్ శిలలో గార్నెట్ అనే ఎర్రని గట్టి ఖనిజపు గింజలు మామూలే. గార్నెట్ టైల్ కంటే గట్టిది, అందుకే మీరు చూసిన పొడి టైల్‌దే. గింజ గాజును గీస్తుందేమో చూడండి, గార్నెట్ తేలిగ్గా గీస్తుంది.

ప్రశ్న: పులివెందుల వైపు దొరికిన రాయి పట్టుదారాల్లా విడిపోతోంది. గీకి పరీక్షించాలా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: వద్దు. అక్కడ రాతినార (ఆస్బెస్టాస్) ఉంది. దాని పోగులు ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణాంతకమైన జబ్బులు వస్తాయి. రాతిని తడిపి రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టేయండి. రాలిన పొడిని ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడా వేరే కవరులో మూట కట్టండి. పిల్లలకు అందనీయకండి. పేరు తెలుసుకోవాలంటే ఏదైనా విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగాన్ని ముందుగా అడిగి, కవరు విప్పకుండా అప్పగించండి.