పదో తరగతి తర్వాత సరకుల చదువు

ప్రశ్న: మా అబ్బాయి సప్లై చైన్ మేనేజ్‌మెంట్ (సరకు తయారైన చోటి నుంచి కొనేవారి దాకా చేర్చే ఏర్పాట్ల నిర్వహణ) నేర్పే ఒక చిన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చేరతానంటున్నాడు. డిగ్రీకి దారి మూసుకుపోతుందా?
– ఒక తల్లి, రాయపురం, చెన్నై

జవాబు: అమ్మా, అక్కడి ధ్రువపత్రం పన్నెండో తరగతికి సమానమైతే దారి మూసుకుపోదు, ఆ సంగతి మాత్రం ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇది మూటలు లెక్కపెట్టే చదువు కాదు. కొట్టువారు పది బస్తాలకు బదులు పన్నెండు అడిగితే టోకు వ్యాపారి పదిహేను తెప్పిస్తాడు, మిల్లు ఇరవై సిద్ధం చేస్తుంది. గిరాకీలోని చిన్న మార్పు వెనక్కి వెళ్లేకొద్దీ ఇలా పెరగడాన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు, దాన్ని అదుపు చేయడానికి మంచి గణితం కావాలి. నాకైతే ఇది ఎంతో విలువైన విద్య అనిపిస్తుంది. చెన్నై నౌకాశ్రయం మీకు దగ్గరే, 2001లో మొదలైన ఎన్నూరు రేవూ దూరం కాదు. పిల్లలను అక్కడికి తీసుకెళ్లి కంటైనర్ల పని చూపిస్తారేమో ప్రధానోపాధ్యాయులను అడగండి.