మానేసే ముందు ఉత్తరం ఇవ్వు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోనులో చెప్పినవి విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఒక్కో ట్రక్కుకు నలుగురిని ఎక్కించి, రోజంతా వెనక కూర్చోబెట్టి, కాసేపు స్టీరింగు చేతికిచ్చి పంపేస్తుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ ట్రక్కు డ్రైవింగు స్కూలు వదిలేయాలన్న నీ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ "రేపటి నుంచి వెళ్లను మామయ్యా" అన్నావు చూడు, ఆ మాటకే భయపడి ఇది రాస్తున్నాను. ఉత్తరం ఇవ్వకుండా మాత్రం మానేయకు.

టెక్సస్‌లో ఇలాంటి ప్రైవేటు స్కూళ్లకు లైసెన్సు ఇచ్చేది టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్. ఫీజు వాపసు ఎలా లెక్కగట్టాలో దాని నిబంధనల్లోనే ఉంది. సంతకం చేసిన 72 గంటల్లోగా రద్దు చేసుకుంటే మొత్తం సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఆ గడువు నీకు దాటిపోయింది కాబట్టి ఇక మిగిలిన గంటల లెక్కే. అంటే నువ్వు డబ్బు కట్టి ఇంకా వాడుకోని గంటలకు సరిపడా సొమ్ము నీది. కోర్సులో 75 శాతం పూర్తయితే మాత్రం పైసా రాదు.

ఇక్కడే చాలామంది పిల్లలు నష్టపోతున్నారు. నువ్వు ఏ రోజున మానేసినట్టు లెక్క? నీ రాతపూర్వక నోటీసు స్కూలుకు అందిన రోజు. నోటీసు ఇవ్వకుండా వెళ్లడం మానేస్తే, చివరిసారి హాజరైన తర్వాత పది స్కూలు రోజులు గడిచే దాకా నువ్వు విద్యార్థివిగానే లెక్కలో ఉండిపోవచ్చు. అంకెల్లో చూడు. కోర్సు 160 గంటలు, ఫీజు 5,000 డాలర్లు, అయినవి 60 గంటలు అనుకుందాం. ఈ రోజే నోటీసు అందితే మిగిలిన 100 గంటలకు 3,125 డాలర్ల దాకా రావాలి. ఊరుకుంటే, రోజుకు ఎనిమిది గంటల చొప్పున పది రోజులకు మరో 80 గంటలు కలిపి 140 అంటారు. 75 శాతం హద్దు 120 గంటలే. చేతికి వచ్చేది సున్నా.

అందుకే ఈ రాత్రే రాయి. కోపం కాగితం మీద పెట్టకు, నాలుగు వాక్యాలు చాలు: "నేను ఫలానా తేదీన మీ కోర్సులో చేరాను. ఈ ఉత్తరం అందిన రోజు నుంచి మానుకుంటున్నాను. నేను హాజరైన గంటల లెక్క, నాకు రావలసిన సొమ్ము లెక్క రాతపూర్వకంగా ఇవ్వండి. ఫీజు ఫలానా చిరునామాకు వాపసు పంపండి." తెల్లవారగానే ఆఫీసులో స్వయంగా ఇచ్చి, నీ ప్రతి మీద తేదీ వేయించి సంతకం తీసుకో. వాళ్లు నిరాకరించినా ఫరవాలేదు. అదే ఉత్తరాన్ని ఈమెయిల్ చేసి, పోస్టాఫీసులో సర్టిఫైడ్ మెయిల్‌గా కూడా పంపు. అందినట్టు సంతకంతో తిరిగి వచ్చే ఆకుపచ్చ కార్డుకు అదనపు రుసుము కట్టు, వెనకాడకు.

తర్వాత ఒప్పందం తీసి నిదానంగా చదువు. ట్రక్కు నడిపించే శిక్షణకు అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లో కనీస గంటలంటూ లేవు. కాబట్టి "ఇన్ని గంటలు నీ చేతే నడిపిస్తాం" అని వాళ్లు ఎక్కడ రాశారన్నదే నీకు ఆధారం. ప్రకటన, కరపత్రం, చేర్చుకున్న మనిషి పంపిన మెసేజీలు అన్నీ దాచు. అబద్ధపు మాటలతో చేర్చుకున్నారని తేలితే మొత్తం ఫీజు వాపసు ఇవ్వాలని కూడా టెక్సస్ నిబంధనల్లో ఉంది. నువ్వు నడపని గంటలకు హాజరు పట్టీలో సంతకం పెట్టమంటే పెట్టకు. కొంత డబ్బు చూపించి "ఇక ఏ బాకీ లేదు" అనే కాగితం ముందుకు తోస్తే, నాకు చూపించకుండా దాని మీద కలం పెట్టకు.

క్రెడిట్ కార్డుతో కట్టిన భాగం ఉంటే, ఆ ఛార్జీ కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. స్కూలే అప్పు ఇప్పించి ఉంటే ఆ పత్రంలో హోల్డర్ నోటీసు అనే షరతు కోసం వెతుకు. అది ఉంటే స్కూలు మీద నీకున్న అభ్యంతరాన్ని అప్పు ఇచ్చినవాడి ముందు కూడా పెట్టవచ్చు. అయినా వాయిదాలు చెప్పాపెట్టకుండా ఆపేయకు, క్రెడిట్ దెబ్బతింటుంది.

స్కూలు జవాబివ్వకపోతే ముందు వాళ్ల ఫిర్యాదుల పద్ధతి ప్రకారమే అడుగు. అదీ కుదరకపోతే అన్ని ప్రతులతో కమిషన్‌కు ఫిర్యాదు చెయ్యి. చివరికి జస్టిస్ కోర్టు ఉంది. 20,000 డాలర్ల దాకా దావాలు అక్కడ వింటారు, వకీలు లేకుండా నువ్వే వాదించుకోవచ్చు.

ఇంకొకటి, లెర్నర్ పర్మిట్ నీది, స్కూలుది కాదు. థియరీ పూర్తయి ఉంటే ఆ వివరం శిక్షణ ఇచ్చే స్కూళ్ల కేంద్ర ప్రభుత్వ జాబితా అయిన ట్రైనింగ్ ప్రొవైడర్ రిజిస్ట్రీలో నమోదు చేశారో లేదో అడుగు. పూర్తయిన రెండు పనిదినాల్లో వాళ్లు చేయాల్సిన పని అది. నమోదై ఉంటే థియరీ మళ్లీ చదవకుండా, డ్రైవింగు భాగం ఆ రిజిస్ట్రీలో ఉన్న మరో స్కూలులో పూర్తి చేసుకోవచ్చు. ఉత్తరం రాయగానే ఫోటో తీసి పంపు. ఎంత పొద్దుపోయినా మేలుకుని చూస్తాను.

నీ మామయ్య