పాఠాలు ఫోన్లో, ప్రాక్టికల్స్ మీ కౌంటర్లో

ప్రశ్న: మాది పలాస. బీకాం చదివాను. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కేసుల కాగితాలు, బిల్లింగు చూస్తుంటాను. ఉద్యోగం మానకుండా ఆన్‌లైన్లో ఎంబీఏ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చేద్దామనుకుంటున్నాను. ఒక కన్సల్టెన్సీ వాళ్లు "ఫీజు కట్టండి చాలు, పరీక్షల సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. మా ఆయనేమో ఇంట్లో కూర్చుని చదివిన డిగ్రీ ఎక్కడా చెల్లదంటున్నారు. ఎవరి మాట వినను?

జవాబు: ఇద్దరి మాటా వినకండమ్మా. ముందు మీ ఆయన సంగతి. యూజీసీ (విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) అనుమతితో దూరవిద్యలోగానీ ఆన్‌లైన్లోగానీ చేసిన డిగ్రీ, రోజూ కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో ప్రకటించింది. ఆ ప్రకటన ఆయనకు చూపించండి. అప్పటికీ ఒప్పుకోకపోతే గొడవ డిగ్రీ గురించి కాదు, రాత్రి వంట ఎవరు చేస్తారన్నదాని గురించి. అది మీరూ మీరూ తేల్చుకోండి.

ఇక కన్సల్టెన్సీ. ఈ కోర్సుల్ని ఫ్రాంచైజీలకు అప్పగించకూడదని 2020 నాటి నిబంధనలే చెబుతున్నాయి. అసైన్‌మెంట్లకు 30 శాతం మించి మార్కులుండవు. మిగతాదంతా మీరే రాయాల్సిన చివరి పరీక్ష. దాన్ని ఇంకొకరు "చూసుకోవడం" ఏమిటో ఊహించుకోండి. డబ్బు కట్టేముందు యూజీసీ దూరవిద్య బ్యూరో సైటు తెరిచి యూనివర్సిటీ పేరు ఒక్కటే చూసి ఊరుకోకండి. ఆ కోర్సుకు, ఈ ఏడాదికి అనుమతి ఉందా అన్నదీ చూడండి. డెబ్ ఐడీ (కోర్సులో చేరేముందు విద్యార్థి ఆ బ్యూరో దగ్గర తీసుకునే నంబరు) కూడా మీ చేత్తో మీరే తీసుకోండి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో ఆసుపత్రి నిర్వహణ మీద పీజీ డిప్లొమా ఉందిగానీ అది ముఖ్యంగా డాక్టర్లు, నర్సుల వంటివారి కోసం పెట్టింది. బీకాం వాళ్లకు ఎంబీఏయే నయం.

నా భయం వేరే ఉంది. ఆసుపత్రి ఆఫీసుల్లో తల నెరిసినవాణ్ని, ఉద్యోగానికి వచ్చిన పిల్లల్ని చాలామందినే ఇంటర్వ్యూ చేశాను. బెడ్ ఆక్యుపెన్సీ (పడకలు ఎంత శాతం నిండాయన్న లెక్క) అంటే ఏమిటని అడిగితే గడగడా అప్పజెప్పేవారు. యాభై పడకలు, జూన్ నెల, మొత్తం 1,200 రోగి దినాలు (ఒక రోగి ఒక రోజు పడకలో ఉంటే ఒకటి), ఎంత శాతమో చెప్పమంటే ఫోన్ కోసం జేబు తడుముకునేవారు. 50ని 30తో గుణిస్తే 1,500. అందులో 1,200 అంటే 80 శాతం. ఇంతే కదా! వీడియో పాఠం చూసినవాడికి లెక్క రాదు, రిజిస్టరు తిప్పినవాడికి వస్తుంది. ఆ రిజిస్టరు మీ బల్ల మీదే ఉంది.

ప్రాజెక్టు వర్కుకు ఎక్కడో కార్పొరేట్ ఆసుపత్రి మీద నెట్‌లో దొరికింది దించి ఇవ్వకండి. మీ ఆసుపత్రిలో డిశ్చార్జీలు పట్టుకోండి. డాక్టరుగారు పొద్దున పదింటికి "ఇంటికెళ్లొచ్చు" అంటారు. పేషెంటు గేటు దాటేసరికి సాయంత్రం అవుతుంది, మందస వెళ్లే బస్సు కాస్తా పోతుంది. మధ్యలో ఆ గంటలన్నీ ఎవరు మింగారు? డిశ్చార్జ్ సమ్మరీ టైపు కాకనా? వాడని మందులు ఫార్మసీకి వెనక్కి వెళ్లకనా? ల్యాబ్ బిల్లు రాకనా? పథకం కేసైతే ఫొటో, సంతకం మిగిలిపోయా? ఒక్కో కేసుకు ఒక్కో మెట్టు దగ్గర టైము రాసుకోండి. కొన్నాళ్లు రాస్తే ముడి ఎక్కడ పడుతోందో మీకే కనబడుతుంది. తప్పు ఎవరిదని మాత్రం రాయకండి, ఆలస్యం ఏ మెట్టు దగ్గరో రాయండి. లేకపోతే రేపటినుంచి ఫార్మసీ కుర్రాడు మీకు కాగితం ఇవ్వడు. మొదలెట్టేముందు మేనేజరు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. రోగుల పేర్లు, కార్డు నంబర్లు ప్రాజెక్టులోకి రానివ్వకండి.

చదవడానికి ఫోను సరిపోతుందా అని అడగలేదుగానీ చెబుతున్నాను. పాఠం వినడానికి సరిపోతుంది. ఎక్సెల్ నేర్చుకోవడానికి సరిపోదు. పాతదైనా ఒక ల్యాప్‌టాప్ చూసుకోండి.

ప్రశ్న: దూరవిద్యలో ఎమ్మెస్సీ న్యూట్రిషన్ చేసి ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరాలనుంది. ఈ ఏడాది చేరొచ్చా? (రాజాం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: కుదరదమ్మా. న్యూట్రిషన్, సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ వంటివి దూరవిద్యలో, ఆన్‌లైన్లో కొత్తగా చేర్చుకోవద్దని 2025 జూలై, ఆగస్టు సెషన్‌నుంచి యూజీసీ ఆపేసింది. ఇప్పటికీ సీటు ఇస్తామనేవాళ్లుంటే ఫీజు కట్టకండి. కాలేజీకి వెళ్లి చదవగలరేమో చూసుకోండి.