బ్రౌన్ దొర బంగళా అంటున్నారు సరే, అసలు యజమానులను ఎట్లా కనుక్కోవాలి?

మీ మేనమామగారు కడపలో కొన్న పాత బంగళాను ఊళ్లో అందరూ బ్రౌన్ దొర ఉన్న ఇల్లంటున్నారు, అది నిజమేనా, అంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో ఎట్లా తెలుసుకోవాలి అని అడిగారు. మొదటిదానికి జవాబు తేలిక. చాలావరకు కాకపోవచ్చు.

ఎత్తైన కప్పు, ముందర స్తంభాల వసారా ఉంటే చాలు, మా ఊళ్లో ఆ ఇంటికి బ్రౌన్ పేరు తగిలించేస్తారు. మా జేజినాయన కొన్న ఇంటికీ తగిలించారు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చిన మాట నిజం. తర్వాత ఇక్కడ బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని, తాటాకు ప్రతులు తెప్పించి, సరిచూపించి, కాగితాల మీదికి ఎక్కించిందీ నిజమే. ఆ పనంతా అయోధ్యాపురం కృష్ణారెడ్డి చూసుకునేవాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవాళ్లు. కానీ ఆ బంగళా ఉన్నది ఎర్రముక్కపల్లెలో. అది కూలి మొండిగోడలు మిగిలాక, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు చందాలు పోగుచేసి అదే చోట గ్రంథాలయం కట్టించారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. ఎప్పుడైనా వెళ్లి చూడండి. మీ ఇల్లు వేరే పేటలో ఉంటే మాత్రం బ్రౌన్ మీద ఆశ పెట్టుకోకండి.

మా ఇంటి సంగతి తేల్చింది కాగితం కాదు, ఇనుప దూలం. వానలకు హాలు మిద్దె కారుతుంటే బాగు చేయించాం. మేస్త్రి దూలం మీద సున్నం గీకుతుంటే, పొరల కింద నుంచి ఇనుములోనే ఉబ్బెత్తుగా ఉన్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. డోర్మన్ లాంగ్, మిడిల్స్‌బరో. ఇంగ్లండులోని ఆ ఉక్కు కంపెనీ పుట్టిందే 1875లో. బ్రౌన్ 1855 నాటికే ఉద్యోగం వదిలి ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. గోడలు పాతవే, కప్పు ఒక్కటే తర్వాత మార్చి ఉంటారు అని మా చినాయన వాదన. ఆ అనుమానం తీరాలంటే దూలం గోడలోకి దిగిన చోట చూడాలి. తర్వాత దూర్చిందైతే చుట్టూ గోడ పగలగొట్టి పూడ్చిన అతుకు తెలిసిపోతుంది. మా ఇంట్లో దూలం కింద మందమైన కడప బండ పరిచారు, దాని పక్కనుంచి ఇటుక వరుసలు ఎక్కడా తెగకుండా పైదాకా పోయాయి. అంటే గోడా, దూలమూ ఒకేసారి లేచినవే. చినాయన ఇప్పటికీ ఒప్పుకోడు, అది వేరే విషయం.

ఇక యజమానుల సంగతి. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా పత్రం, తీస్తే 1983 నుంచి ఇటువైపే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత రిజిస్టర్లు వెతికించుకోవాలి. అక్కడ పేర్ల సూచిక వేరు, ఆస్తుల సూచిక వేరు. రెండూ చూడమని అడగండి, ఒకదాంట్లో దొరకనిది రెండోదాంట్లో దొరుకుతుంది. దస్తావేజు నంబరు దొరికితే దాని నకలు తీసుకోవచ్చు. అయితే ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయి. తండ్రి పోయి కొడుకులకు వచ్చిన ఆస్తి, అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న ఆస్తి అందులోకి ఎక్కవు. ఇరవై, ముప్పై ఏళ్లు ఖాళీగా కనిపిస్తే గాబరా పడకండి. ఇంట్లో తీగకు గుచ్చిన పాత ఇంటిపన్ను రసీదులుంటే వాటి మీద పేరు ఎప్పుడు మారిందో చూడండి.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది పక్కింటివాళ్ల దస్తావేజు. ఇది చాలామందికి తట్టదు. మీ ఇంటి పాత దస్తావేజు పోయినా, ఆ పక్కవాళ్ల దాంట్లో చెక్కుబంది, అంటే నాలుగు వైపుల హద్దుల వివరం, ఉంటుంది కదా, తూర్పు ఫలానావారి మిద్దె, పడమర ఫలానావారి బంగళా అని. వాళ్ల పడమర మీరే. వెనకింటి పెద్దాయన కాఫీ ఇచ్చి మరీ తన పెట్టె తెరిచాడు. ఐదో జార్జి బొమ్మ ఉన్న స్టాంపు కాగితం మీద, మా ఇల్లు ఒక బట్టల వ్యాపారిదనీ, అందులో పోలీసు దొర బాడుగకు ఉన్నాడనీ స్పష్టంగా రాసి ఉంది. కట్టింది శెట్టిగారు, పేరొచ్చింది బాడుగ దొరకు. ఆ పోలీసు దొరే నోళ్లలో నలిగి బ్రౌన్ దొర అయ్యాడని నా నమ్మకం. తర్వాత శెట్టిగారు ఒక వకీలుకు స్వాధీన తనఖా (అప్పు తీరేదాకా ఇల్లు అప్పిచ్చినవాడి చేతిలో ఉండే తాకట్టు) పెట్టి విడిపించుకోలేకపోయారు. ఆ వకీలు కొడుకుల దగ్గరే మా జేజినాయన కొన్నాడు.

పాత కాగితాల్లో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, కనిపిస్తే దానికి 590 కలపండి. ఫసలీ 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ దాకా. స్టాంపు కాగితం మీద ఉన్నది రాణి బొమ్మా, రాజు బొమ్మా అన్నది కూడా కాలం చెబుతుంది. విక్టోరియా అయితే సుమారు 1901 లోపు ముద్రించిన కాగితం.

రిజిస్ట్రేషన్ల కాలానికి కూడా ముందుకు పోవాలంటే మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కడప కూడా ఉన్న దత్తమండలాలు 1800లో నిజాం చేతినుంచి కంపెనీకి వచ్చాయి కాబట్టి కలెక్టరేటు ఉత్తరాలు అప్పటినుంచి మొదలవుతాయి. ఒక ఇంటికోసం అంత దూరం పోవడం అందరికీ కుదరదు, నేనూ పోలేదు.

ముందు మీ మేనమామగారి దస్తావేజులో చెక్కుబంది భాగం చూసి, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. పాత చేరాత అర్థం కాకపోతే ఫొటో పెట్టినా సరే, చదివి చెబుతాను. సున్నం మాత్రం అప్పుడే కొట్టించకండి, దూలాలు చూసుకున్నాక కొట్టించొచ్చు.