స్క్రోల్ సా మీద నెమలి జాలీ కోస్తుంటే తోక దగ్గరే విరుగుతోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 4 మి.మీ. ప్లైవుడ్ మీద అడుగు ఎత్తు నెమలి, దాని కింద "స్వాగతం" అక్షరాలు. 16 అంగుళాల స్క్రోల్ సా (సన్నని బ్లేడు నిలువుగా పైకీ కిందికీ ఆడుతూ కోసే యంత్రం), యంత్రంతో పాటు వచ్చిన పిన్ బ్లేడ్లు. తోకలో కళ్ల చుట్టూ ఉన్న సన్నని చోట్లు విరుగుతున్నాయి, అడుగువైపు పెచ్చులు లేస్తున్నాయి, పది నిమిషాలకో బ్లేడు తెగుతోంది. వేగం తగ్గిస్తే సరిపోతుందా అని అడిగారు.

వేగం ఒక్కటే తగ్గిస్తే సరిపోదండీ. మీరు చెప్పినదాన్నిబట్టి ముందు మార్చాల్సింది బ్లేడు, ఆ తర్వాత కోసే వరస.

పిన్ బ్లేడు చివర అడ్డంగా చిన్న పుల్ల ఉంటుంది. అది దూరాలంటే 4 నుంచి 5 మి.మీ. బెజ్జం కావాలి. నెమలి కన్ను లోపలి ఖాళీయే 6 మి.మీ. ఉంటే ఇక అందులో కోయడానికి మిగిలేదేముంది? పైగా ఆ బ్లేడ్లు వెడల్పుగా ఉంటాయి, చిన్న మలుపులో తిరగవు. మనం బలవంతంగా తిప్పితే పక్కనున్న సన్నని చోటు మీద ఒత్తిడి పడి టప్పున పోతుంది. మీ యంత్రం పిన్ లేని 5 అంగుళాల బ్లేడ్లు పట్టుకుంటుందేమో చూడండి. చాలా యంత్రాలకు మరతో బిగించే చిన్న క్లాంపులు విడిగా దొరుకుతాయి. అవి పెట్టే వీలే లేకపోతే ఈ నెమలిని ఆ యంత్రం మీద కోయకండి. చేతి ఫ్రెట్ సా (U ఆకారం చట్రానికి సన్నని బ్లేడు బిగించిన రంపం) కూడా ఇవే 5 అంగుళాల బ్లేడ్లు వాడుతుంది, దానితో ఇంతకన్నా బాగా వస్తుంది.

పిన్ లేని బ్లేడ్లలో మీ పనికి రెండు సైజులు చాలు. కళ్లు, తల మీది కుచ్చు, అక్షరాల లోపలి ఖాళీలకు 2/0 (ఇది 1 నంబరు కన్నా సన్నది), మిగతా అంతటికీ 1 నంబరు. 2/0 బ్లేడు వెడల్పు సుమారు అర మి.మీ., మందం పావు మి.మీ. దానికి 1 మి.మీ. బెజ్జం సరిపోతుంది. 3 నంబరు బ్లేడు 6 మి.మీ. ప్లైకి, 5 నంబరు ముప్పావు అంగుళం చెక్కకి. కొనేటప్పుడు రివర్స్ టూత్ అని అడిగి తీసుకోండి. అడుగున కొన్ని పళ్లు పైకి తిరిగి ఉంటాయి, ఆర్మ్ (బ్లేడును పట్టుకుని పైకీ కిందికీ ఊగే చెయ్యి) పైకి లేచినప్పుడు అవి ప్లై అడుగు పొరను లోపలికి కోస్తాయి కాబట్టి పెచ్చులు చాలావరకు ఆగుతాయి. ఇందులో ఒక కిటుకుంది. ఆర్మ్‌ను చేత్తో పూర్తిగా పైకి తెచ్చి చూస్తే ఆ తిరగబడ్డ పళ్లు రెండో మూడో టేబుల్ పైకి కనబడాలి. ఒక్కటీ కనబడకపోతే ఆ బ్లేడుకు పెట్టిన ఎక్కువ డబ్బు వృథా. ఆరేడు కనబడితే పైకి వెళ్లేటప్పుడల్లా ముక్కను లేపి టేబుల్‌కేసి కొడుతుంది. అలాంటప్పుడు బ్లేడు కింది చివర కొద్దిగా కత్తిరించి, కిందికి దింపి బిగించండి. స్పైరల్ బ్లేడ్లు (మెలితిప్పినవి) అన్ని వైపులా కోస్తాయని చాలామంది మోజు పడతారు కానీ, అంచు గరుకుగా వస్తుంది, గీత మీద నిలబడదు. ఇలాంటి పనికి నేనైతే వద్దంటాను.

బ్లేడు తెగడానికి కారణం అది తెగిన చోటే చెబుతుంది. క్లాంపు పక్కనే తెగితే అక్కడ వంకర పడిందనో, మర మితిమీరి బిగించారనో లెక్క. మధ్యలో తెగితే పళ్లు మొద్దుబారినా మీరు నెడుతూనే ఉన్నారన్నమాట. తెగకుండా క్లాంపులోంచి జారిపోతుంటే కొత్త బ్లేడుకున్న నూనె పొర కారణం, రెండు చివరలూ 220 నంబరు ఎమరీ కాగితంతో ఒకసారి రుద్ది బిగించండి. బిగువు ఎంతుండాలంటే, వేలితో మీటితే సన్నగా, ఎత్తు శ్రుతిలో టింగుమనాలి. పక్కకి నొక్కితే 1 మి.మీ.కి అటూఇటూగా కదలాలి, అంతకు మించి వంగితే వదులు. వదులు బ్లేడు పైన గీత మీదే నడుస్తున్నట్టు కనిపిస్తుంది, అడుగున మాత్రం బొజ్జలా బయటికి పోతుంది. తోకలో పైన 2 మి.మీ. ఉన్న చోటు అడుగున 1 మి.మీ. అయ్యేది ఇలాగే. తిరగేసి చూసేదాకా తెలియదు.

టేబుల్‌కి బ్లేడు నిటారుగా ఉందో లేదో మూలమట్టంతో కన్నా ఇలా చూడండి. 40 మి.మీ. మందం ఉన్న పనికిరాని చెక్క ముక్క తీసుకుని, ముందునుంచి బ్లేడుకు తాకించి 1 మి.మీ. లోతు గాటు పెట్టి, యంత్రం ఆపేయండి. అదే ముక్కను బ్లేడు వెనక్కి తిప్పి తెచ్చి, బ్లేడు వీపును ఆ గాటులోకి పోనివ్వండి. పైనుంచి కిందిదాకా సులువుగా దూరితే నిటారుగా ఉన్నట్టు. ఎక్కడైనా పట్టేస్తే టేబుల్ వాలి ఉంది. టేబుల్ పక్కనుండే డిగ్రీల పట్టీని నమ్మకండి.

ఇక ప్లై సంగతి. మామూలు కమర్షియల్ ప్లై లోపలి పొరలో ఖాళీలుంటాయి. సన్నని ఈక సరిగ్గా ఆ ఖాళీ మీద పడితే ఏ బ్లేడు పెట్టినా విరుగుతుంది. కొనేటప్పుడు నాలుగు అంచులూ వెలుతురులో చూడండి. బర్చ్ ప్లై దొరికితే ధర ఎక్కువైనా ఈ పనికి అదే తీసుకోండి. ఒంటి చెక్కతో (పొరలు లేని అసలు చెక్కతో) చేయాలనుకుంటే నార, అంటే చెక్కలోని పోగులు, ఎటు పోతోందో చూసుకోవాలి. నెమలి కాళ్లు నిలువు, తోక ఏటవాలు, రెండింటికీ ఒకే నార కుదరదు. ఏది సన్నగా ఉంటే దాని పొడవు వెంట నార పోయేలా చిత్రాన్ని తిప్పి అతికించండి. టేకు అందంగా ఉంటుంది కానీ అందులోని ఇసుకలాంటి సిలికా బ్లేడును తొందరగా అరగదీస్తుంది. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి చెక్క చెక్కడానికే గానీ, 4 మి.మీ. జాలీకి మరీ మెత్తన.

చిత్రాన్ని తిన్నగా చెక్కకి అంటించకండి. ముందు ప్లైని 220తో నునుపు చేసి దుమ్ము తుడవండి. ఇది ఇప్పుడే చేసుకోవాలి, కోశాక జాలీని గట్టిగా రుద్దలేరు. దాని మీద మాస్కింగ్ టేప్ పరిచి, టేప్ మీద గ్లూ స్టిక్‌తో కాగితం అంటించి, ఆపైన పారదర్శకమైన ప్యాకింగ్ టేప్ ఒక పొర వేయండి. ఆ పై పొర వల్ల బ్లేడు జారుడుగా నడుస్తుంది, అంచులు మాడడం తగ్గుతుంది. అయ్యాక మాస్కింగ్ టేప్ మొత్తం ఒకేసారి లేచి వస్తుంది. సన్నని చోట లేవనని మొరాయిస్తే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చూపించండి, లాగొద్దు.

పెచ్చులకు ఇంకో గట్టి మందు, అడుగున 3 మి.మీ. పనికిరాని ప్లై జత చేసి రెండూ కలిపి కోయడం. నాలుగు అంచులకూ టేప్ చుట్టి, రాలిపోయే పెద్ద భాగాల్లో అక్కడక్కడ రెండువైపులా అంటుకునే టేప్ ముక్కలు పెట్టండి. పెచ్చు లేస్తే అడుగుదానికే లేస్తుంది. పై నెమలి ఈకలకు కింద ఆసరా ఉంటుంది కాబట్టి విరగడమూ తగ్గుతుంది. మొత్తం 7 మి.మీ. అవుతుంది కనుక 1 నంబరుకు బదులు 3 వాడండి, కళ్లకు 1 నంబరు. తప్పు చేస్తానేమోనని భయమైతే అడుగున మంచి ప్లైయే పెట్టుకోండి, రెండో నెమలి మిగులుతుంది.

టేబుల్ మధ్యనున్న పెద్ద కంత కూడా మీ తోకను విరగ్గొడుతోంది. 3 మి.మీ. హార్డ్‌బోర్డు పలకకి 1 మి.మీ. బెజ్జం వేసి, దాన్ని టేబుల్ మీద టేప్‌తో అంటించి, బ్లేడును అందులోంచి ఎక్కించండి. అప్పుడు బ్లేడు చుట్టూ అంతటా ఆసరా ఉంటుంది, రాలిన ముక్కలు కిందికి పోవు. తోక దగ్గర రాలిన ముక్కలు ఒక పళ్లెంలో దాచండి, విరిగిన చోటు అతికేటప్పుడు తిరిగి ఖాళీలో పేర్చి ఆసరాగా వాడొచ్చు.

ఇప్పుడు వరస. ముందు అన్ని బెజ్జాలూ ఒకేసారి వేసుకోండి, అడుగున వేస్టు చెక్క పెట్టి. బెజ్జం రాలిపోయే భాగంలో, ఏదైనా కొసదేరిన మూలకి దగ్గరగా ఉండాలి. గుండ్రని వంపు మధ్యలోంచి మొదలుపెడితే కలిసిన చోట చిన్న బొడిపె మిగిలి ఎప్పటికీ కనబడుతుంది. తర్వాత తోక మధ్యలోని కళ్లు, అందులోనూ చిన్నవి ముందు. అక్కడినుంచి బయటికి రండి. పెద్ద ఖాళీలు చివరికి ఉంచండి, ఎందుకంటే అవి కోసేదాకా ప్లై బలం అంతా వాటిలోనే ఉంది. మీరు బహుశా సులువుగా ఉన్నాయని పెద్దవి ముందు తీసేసి, ఊగుతున్న తోకలో చిన్నవి కోస్తున్నారు. బయటి అంచు అన్నిటికన్నా ఆఖరు. అందులోనూ తల మీది కుచ్చు, కాళ్లు ఆఖరికి ఆఖరు.

కోసేటప్పుడు బ్లేడు గీతకు కాస్త పక్కకు లాగుతుంది. ఈ బ్లేడ్ల పళ్లకు తయారీలోనే ఒక పక్క అంచు పదునుగా మిగులుతుంది, అదీ కారణం. వేస్టు ముక్క మీద ఒక తిన్నని గీత కోసి చూడండి. ముక్కను 3 నుంచి 5 డిగ్రీలు ఏటవాలుగా నెడితే గీత మీద నడుస్తుంది, ఆ వాలే మీ చేతికి అలవాటు కావాలి. కొసదేరిన మూల దగ్గర గీత చివరిదాకా వెళ్లి, కొంచెం వెనక్కి వచ్చి, రాలిపోయే భాగంలో చుట్టు తిరిగి రెండోవైపునుంచి అదే మూలకి రండి. మూలలో నిలబడి గిరగిరా తిప్పితే ఆ కొస గుండ్రమవుతుంది. ముక్క లేవకుండా నొక్కిపట్టే యంత్రం పాదం గీతను కప్పేస్తోందని తీసేస్తే ఆ పని మీ వేళ్లే చేయాలి. కోసే చోటికి రెండు పక్కలా, బ్లేడుకు ఎదురుగా కాకుండా, ముక్కను టేబుల్‌కి నొక్కి ఉంచండి. ముక్క ఒక్కసారి లేచి పడితే చాలు, ఈక పోయినట్టే. వేగం నిమిషానికి 600 నుంచి 900 స్ట్రోకులు (బ్లేడు ఒకసారి పైకీ కిందికీ ఆడితే ఒక స్ట్రోకు). పొట్టు దుమ్ములా వస్తూ వాసన మొదలైతే బ్లేడు మొద్దుబారింది, అరిగేదాకా వాడదామని చూడకండి. 4 మి.మీ. ప్లైలో ఒక 2/0 బ్లేడు ఇరవై నిమిషాలు బాగా కోస్తే దాని రుణం తీరినట్టే.

"స్వాగతం" దగ్గర ఇంకో చిక్కుంది. చాలా ఫాంట్లలో గ మీది తలకట్టు, స కింది వ వత్తు, చివరి సున్న అక్షరాన్ని తాకవు. అక్షరాలు చెక్కగా మిగలాలంటే ఈ మూడూ విడిగా రాలిపోతాయి. తలకట్టును కిందికి, వత్తును పైకి జరిపి 2 మి.మీ. మేర కలపండి, సున్నను పక్క త మీదికి కొంచెం ఎక్కించండి, అన్నిటికీ కింద 5 మి.మీ. పట్టీ ఒకటి ఇవ్వండి. అక్షరాలే ఖాళీలుగా రావాలంటే సమస్య తిరగబడుతుంది. సున్న లోపలి బిళ్ల ఊడిపోతుంది కాబట్టి దానికి పైనా కిందా రెండు వంతెనలు, వత్తు చుట్ట లోపలికి ఒకటి వదలాలి. వంతెన వెడల్పు ప్లై మందంలో సగానికి తగ్గొద్దు, మీకు 2 మి.మీ. అన్నమాట. తోకలోనూ ఇదే కొలత. గీత అంతకన్నా సన్నగా ఉంటే పెన్సిల్‌తో లావు చేసుకున్నాకే బెజ్జం వేయండి.

ఇంత చేసినా ఒకటో రెండో విరుగుతాయి. విరిగిన వెంటనే, పొట్టు పడకముందే, టూత్‌పిక్ కొసతో ఫెవికాల్ రాసి అదే చోట పెట్టి, రాలిన ముక్కలను చుట్టూ పేర్చి గంటసేపు వదిలేయండి. పెచ్చు లేచిన చోట ఫెవికాల్‌లో సన్నని పొట్టు కలిపి నింపండి. రంగు బ్రష్‌తో వేయకండి, దాని వెంట్రుకలు ఈకలకు తగులుకుని లాగుతాయి. లక్కర్ స్ప్రే పలచగా మూడు సార్లు చాలు. లిన్సీడ్ నూనెలో ముంచి తీసినా బాగుంటుంది, కాకపోతే తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయొద్దు, అది దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. బయట విప్పి ఆరేయండి.